నాలుగో నంబరు లెటరు

చోడవరం బస్టాండు వెనక సందులో ఒక రెండు గదుల ఇంటి అరుగు మీద రోజూ పొద్దున్న ఆరయ్యేసరికి ఇంగ్లీషు మొదలయ్యేది. పదో తరగతి చదువుతున్న దేవిశ్రీ కాళ్లు బారజాపుకుని, కళ్లు మూసుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ గుక్క తిప్పుకోకుండా చదివేది. పాలపేకెట్ల కోసం పోయేవాళ్లు ఒక క్షణం ఆగి, "బాలుగోరి గుంట ఇంగ్లీసు దంచేస్తంది" అని మెచ్చుకుని పోయేవారు. లోపల స్టౌ దగ్గర ఆ పిల్ల తల్లి రాజ్యం ఆ మాట విని లోలోపలే నవ్వుకునేది. ఆ చదువు కోసమే ఆమె బట్టల షాపులో రోజుకి పన్నెండు గంటలు నిలబడి, జనం విప్పి పారేసిన చీరలు మడతపెడుతోంది.

బాలు లేడు. చెరకు లారీ నడిపేవాడు. రెండేళ్ల కిందట రావికమతం రోడ్డులో లారీ తిరగబడి పోయాడు. ఆ సంగతి ముందు ముందు కావలసి వస్తుంది కనుక ఇప్పుడే చెప్పేస్తున్నాను.

కార్తీకంలో బాలు తండ్రి పెదబాబు ఈ ఇంటికొచ్చాడు. రోలుగుంట దగ్గర పల్లెలో ముప్ఫై ఎనిమిదేళ్లు పోస్టుమేన్‌గా చేసి రిటైరైన మనిషి. అనకాపల్లిలో కంటికి ఆపరేషన్ చేసి, నల్లద్దాలు పెట్టి, నెలన్నర దాకా పుస్తకం ముట్టుకోవద్దు, టీవీ చూడొద్దు అన్నారు. దాంతో ఆయనకు వినడం తప్ప వేరే పని లేకుండా పోయింది.

ఈయన ఉత్తరం చేతికిచ్చి సైకిలెక్కే రకం కాదు. చదువు రాని ఇళ్లలో కూచుని చదివి పెట్టేవాడు, జవాబూ రాసి పెట్టేవాడు. కార్డు మీద పెన్ను ఆనించేముందు ప్రతిసారీ ఒకటే ప్రశ్న అడిగేవాడు. "ఉత్తరం ఎవరికమ్మా?" ఎవరికో మనసులో పడితే ఏం రాయాలో అదే వస్తుందని ఆయన నమ్మకం.

మొదటి రెండు రోజులూ మనవరాలి చదువు విని పెదబాబు పొంగిపోయాడు. మూడో రోజు అనుమానం వచ్చింది. నిన్న ఎక్కడ ఊపిరి తీసుకుందో ఇవాళా అక్కడే తీసుకుంటోంది. నిన్న ఏ మాట దగ్గర నాలుక తడబడిందో ఇవాళా అక్కడే తడబడింది.

"ఒసే గుంటా, ఏటే అది?"

"లెటరు తాతా. నాలుగో నంబరు లెటరు."

"ఎవరికే ఆ ఉత్తరం?"

"ఎవరికేటి? పది మార్కులకి."

పెదబాబు నవ్వాడు. "అది కాదే. ఇంకోసారి నెమ్మదిగా సదువు. నాకూ కూసింత అర్థమవనీ."

దేవిశ్రీ మొదలుపెట్టింది. సగంలో తాత చెయ్యెత్తి ఆపాడు. ఆపిన చోటునుంచి మళ్లీ ఎత్తుకోవడం ఆ పిల్లకి చేతకాలేదు. వెనక్కిపోయి మొదటి మాట దగ్గర్నుంచి అందుకుంది. ఇంకోసారి ఆపితే ఇంకోసారి మొదటికే పోయింది. అలా మూడోసారి మొదటికి వెళ్లినప్పుడు ఆ మాట ముసలాయన చెవిన పడింది. మై డియర్ ఫాదర్.

ఆయన ఇంగ్లీషు బడిలో వచ్చింది కాదు, టెలిగ్రాముల్లో వచ్చింది. ఆ టెలిగ్రాముల్లో ఆయన అన్నిటికంటే ఎక్కువసార్లు మోసిన మాట ఫాదరే. ఫాదర్ సీరియస్. ఫాదర్ ఎక్స్‌పైర్డ్. స్టార్ట్ ఇమ్మీడియట్లీ. ఆ మాటని ఆయన సైకిలు మీద ఎన్ని గుమ్మాలకి తీసుకెళ్లాడో లెక్క లేదు.

"ఫాదరంటే ఏటే?" అని అడిగాడు, నవ్వు లేకుండా.

"అదేటి తాతా, ఎల్‌కేజీ గుంటలకీ తెలుసు. నాన్న."

"మై డియర్ ఫాదరంటే?"

"ప్రియమైన నాన్న..." అంటూ దేవిశ్రీ ఊగడం ఆపేసింది.

మాట తెలియక కాదు. విడిగా అడిగితే ఏ మాటకైనా అర్థం చెప్పగలదు. కానీ ఆ వరసలో అవి మాటలు కావు, ఉత్త చప్పుళ్లు. దంపుడు పాటలా నోటికి వచ్చేశాయి. వాటి లోపల ఒక మనిషి ఉన్నాడనీ, తాను ఆ మనిషిని పిలుస్తున్నాననీ ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు.

మిగతాది పెదబాబే ఒక్కో ముక్కా విప్పి చెప్పాడు. నాన్నా, నేనిక్కడ బాగున్నాను. నువ్వక్కడ బాగున్నావని తలుస్తాను. మా స్కూలు వాళ్లు విహారయాత్రకి తీసుకెళ్తన్నారు, నన్ను వెళ్లనియ్యి. నీ జవాబు కోసం చూస్తుంటాను. ఇట్లు, నీ ప్రియమైన కూతురు.

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. రాజ్యం గుమ్మం దగ్గరకొచ్చి నిలబడింది.

దేవిశ్రీ తన రఫ్ నోట్సులు రెండూ ముందు పెట్టుకుని కాగితాలు తిప్పింది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నాలుగో నంబరు లెటరే.

"నూటేభై సార్లు రాసేను తాతా," అంది. "ఒక్కసారీ నాన్న గుర్తుకి రాలేదు."

ఆ మాటకి తల్లి ఏడ్చింది, పిల్ల ఏడ్చింది. పెదబాబు ఏడవలేదు, ఆపరేషన్ చేసిన కన్ను తడవకూడదన్నారు. ఆయనకి కోపం వచ్చింది. కొడుకు పోయిననాడు దేవుడి మీద వచ్చిందే, అంత కోపం. ఆనాడు ఎవరిని పట్టుకుని అడగాలో తెలియలేదు, ఇప్పుడు తెలుసు.

తర్వాత ఒక్కొక్కటే బయటపడింది. మెయిన్ రోడ్డు మీదున్న ఆ మూడంతస్తుల స్కూల్లో పదో తరగతిని మూడు బ్యాచ్‌లు చేశారు. ఎ బ్యాచ్ పిల్లల ఫోటోలు ఫ్లెక్సీకి. సి బ్యాచ్ పిల్లలు నూటికి నూరు శాతం అన్న అంకె చెడకుండా ఎలాగో గట్టెక్కితే చాలు. దేవిశ్రీ ఉన్న సి బ్యాచ్‌కి పాఠాలు లేవు, మెటీరియల్ అని ఒక పలచని పుస్తకం ఉంది. అందులో లెటర్లు ఆరు. ఆరూ ఎందుకు, ఒకటి చాలన్నారు.

"పరీక్షలో ఈ ఉత్తరం కాకండా వేరేది అడిగితేనో?" అన్నాడు పెదబాబు.

"ఏది అడిగినా నాలుగోదే రాసేమన్నారు తాతా. పేజీ నిండితే మార్కులు పడతాయంట."

"మా ఈదిలో కుక్కలు కరుస్తన్నాయి, ఆపీసరుకి అర్జీ రాయండంటే?"

"నాలుగోదే."

"అంటే ఆ ఆపీసరుని నాన్నా అని పిల్చి, విహారయాత్రకి పంపమని అడుగుతావన్నమాట! ఇంక కుక్కలు కరిసినా ఒకటే, కరవకపోయినా ఒకటే. మరి పాసేజీ సదివి జవాబులు రాసేదో?"

దానికీ ఒక ఉపాయం నేర్పారు. ప్రశ్నలో అన్నిటికంటే పొడుగు మాట ఏదో చూసుకోవాలి. ఆ మాట పాసేజీలో ఎక్కడుందో వెతకాలి. ఆ లైనూ దాని కింద లైనూ దించెయ్యాలి. దొరక్కపోతే ప్రశ్ననే జవాబుగా రాసెయ్యాలి.

"మరి అర్థం?"

"అర్థం సి బ్యాచ్‌కి అక్కర్లేదంట."

రాజ్యం తల వంచుకుంది. "నేను టెన్తు తప్పినదాన్ని మావయ్యా. గడగడా సదువుతంటే సదువొచ్చేసిందనే అనుకున్నాను."

"నీది తప్పు కాదమ్మా," అన్నాడు పెదబాబు. "గడగడా సదివితే నమ్మేసే జనవని ఆళ్లకి తెలుసు. నేనూ ఒకప్పుడు అలగే నమ్మించేను."

అప్పుడు చెప్పాడు, నలభై ఏళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయనకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. రాదని ఒప్పుకోవడం నామోషీ. ఒకనాడు అచ్చియ్యమ్మ అనే ఆవిడకి టెలిగ్రాం వచ్చింది. ఆవిడ కొడుకు మిలటరీలో ఉన్నాడు. చదివి చెప్పమని చేతులు పట్టుకుంది. టెలిగ్రాం అంటే చావుకబురే కదా, ఇదీ అంతేనని ఈయన తల దించుకుని నిలబడ్డాడు. ఆవిడ నేల మీద పడి పొర్లింది, వీధి వీధంతా పోగైంది. సాయంత్రం బడిపంతులు వచ్చి చదివితే అందులో ఉన్నది, సోమవారం సెలవు మీద వస్తున్నానని.

"ఆవిడ నన్ను తిట్టలేదు," అన్నాడు పెదబాబు. "ఒక్క మాటంది. రాకపోతే రాదని సెప్పరా నాయనా, వచ్చినట్టు సదవకు, అంది. ఆ రాత్రే డిక్షనరీ కొనడానికి డబ్బులు దాసేను."

ఆ మర్నాటి నుంచి అరుగు మీద ఊగడం మానేశారు. ముందు మెటీరియల్ పుస్తకం అటకెక్కింది. పెదబాబుకి తెలిసిన పద్ధతి ఒక్కటే, టెలిగ్రాం పద్ధతి. ఒక కబురు అనుకో. ఎవరికో అనుకో. నాలుగే మాటల్లో రాయి. పని చెయ్యని మాట ఉంటే కొట్టేయి. అమ్మ షాపుకెళ్లింది. కరెంటు పోయింది. తాత మందు వేసుకోలేదు. దేవిశ్రీ రాసి పైకి చదివేది, తాత కళ్లు మూసుకుని విని తప్పొప్పులు చెప్పేవాడు. ఆయనకీ తెలియని చోట డిక్షనరీ చెప్పేది.

చదవడానికి పాసేజీలు ఎక్కడో లేవు, ఇంట్లోనే ఉన్నాయి. గ్యాస్ బండ కాగితం, సబ్బు పొడి పేకెట్టు, ఫోనులో వచ్చే మెసేజీలు. ఒకరోజు కంటిచుక్కల సీసా మీద చీమల్లాంటి అక్షరాలు కూడబలుక్కుని చదివి, "తాతా, మూత తీసిన నెల రోజులకి పారేయాలంట. ఇది తీసి నెల దాటిపోయింది" అంది. పెదబాబు ఆ సీసా తీసుకుని పెరట్లో పారేశాడు. ఆ పూట ఆయన తిన్న అన్నం ఒంటికి పట్టింది.

నెల తిరక్కుండా స్కూల్లో టెస్టు పెట్టారు. స్నేహితురాలికి లెటరు రాయమన్నారు. సి బ్యాచ్‌లో ఎనిమిది మంది నాలుగో నంబరు లెటరే రాశారు. దేవిశ్రీ ఒక్కతే తన తాతకి కంటి ఆపరేషన్ అయిందనీ, ఆయనకి తాను చదివి వినిపిస్తున్నాననీ నస్రీన్ అనే స్నేహితురాలికి ఏడు లైన్లు రాసింది. అందులో అయిదు తప్పులున్నాయి. వాళ్లందరికీ ఆరేసి మార్కులు, ఈ పిల్లకి మూడు. పేజీ నిండలేదట!

శనివారం పొద్దున్న సి బ్యాచ్ తల్లిదండ్రుల్ని రమ్మని కబురొచ్చింది. రాజ్యం షాపులో సగం పూట సెలవడిగింది. పెదబాబు నల్లద్దాలు సర్దుకుని, మనవరాలి భుజం పట్టుకుని నడిచాడు.

ఆఫీసు గదిలో చెరకు రైతులు, ఆటో నడిపేవాళ్లు, మిషను కుట్టేవాళ్లు కుర్చీల అంచుల మీద కూచున్నారు. కరస్పాండెంటు ప్రేమ్‌కుమార్ నవ్వుతూ మాట్లాడాడు. అతని నవ్వు కూడా కంఠతా పెట్టినట్టే ఉంది.

"మీ పిల్లల మంచి కోసమేనండి. పబ్లిక్ పరీక్షకి పేర్లు పంపించాలి. వీళ్లకి కొంచెం వీలుగా ఉండేలా ఏర్పాటు చేస్తున్నాం. ఈ కాగితం మీద ఒక్క సంతకం పెట్టండి. జస్ట్ ఫార్మాలిటీ."

కాగితం ఇంగ్లీషులో ఉంది. ఒక్కొక్కరే లేచి పెట్టారు. చీడికాడ నుంచి వచ్చిన రాము అనే రైతు వేలిముద్ర వేసి, ఇంకు తలకి రాసుకుని, "మా గుంటణ్ణి మీ సేతుల్లో పెట్టేను బాబూ" అన్నాడు కూడా. రాజ్యం వంతు వచ్చింది. పెన్ను తీసుకుంది.

"ఆగమ్మా," అన్నాడు పెదబాబు. "అందులో ఏటి రాసున్నాదండీ?"

"ఏం లేదు పెద్దాయనా. ఫార్మాలిటీ అన్నాను కదా."

"నాకు కళ్లు లేవు. సదివి వినిపించండి."

ప్రేమ్‌కుమార్ నవ్వు కొంచెం తగ్గింది. అప్పుడే హాజరు పట్టీ ఇవ్వడానికి ఒక కుర్రాడు లోపలికొచ్చాడు. సన్నీ, స్కూలు ఫస్టు. గేటు మీద ఫ్లెక్సీలో అరచేతి వెడల్పు నవ్వు ఆ పిల్లాడిదే.

"మా సన్నీ చదువుతాడు వినండి, మా స్కూలు ఇంగ్లీషు ఎలా ఉంటుందో," అని ప్రేమ్‌కుమార్ కాగితం వాడి చేతిలో పెట్టాడు. అర్థం ఎవరడుగుతారులే అన్న ధీమా అతనిది.

సన్నీ చదివాడు. ఎక్కడా ఆగలేదు, తడబడలేదు. తల్లిదండ్రులు నోళ్లు తెరుచుకుని విన్నారు.

"బాగుంది బాబూ," అన్నాడు పెదబాబు. "ఇప్పుడు మాకు తెలుగులో సెప్పు."

సన్నీ కాగితం వైపు చూశాడు, కరస్పాండెంటు వైపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఇది మెటీరియల్‌లో లేదండి," అన్నాడు.

పెదబాబు మనవరాలి భుజం తట్టాడు. దేవిశ్రీ కాగితం తీసుకుంది. ఆ పిల్ల చదివిన తీరు సన్నీ చదివిన తీరులో పావు వంతు లేదు. మాట మాటకీ ఆగింది. ఒకచోట వేలు పెట్టి, గుమ్మం దగ్గర నిలబడ్డ ఇంగ్లీషు టీచరు కీర్తిని అడిగింది.

"విత్‌డ్రా అంటే ఏటి టీచర్?"

కీర్తికి పాతికేళ్లుంటాయి. సి బ్యాచ్‌కి నాలుగో నంబరు లెటరు వల్లె వేయించింది ఈమే. కరస్పాండెంటు ఆమె వైపు కళ్లతోనే వద్దని చెప్పాడు. ఆమె అటు చూడకుండా, "వెనక్కి తీసుకోవడం" అంది.

"అయితే ఇలగ రాసుంది," అంది దేవిశ్రీ. "మా అమ్మ... తన సొంత ఇష్టం మీద... నన్ను ఈ స్కూలు నుంచి వెనక్కి తీసుకుంటంది. నేను బయట నుంచి పరీక్ష రాస్తాను. నేను తప్పినా స్కూలుకి ఏ సంబంధవూ లేదు."

"ఏటీ!" అని రాము కుర్చీలోంచి లేచాడు. "మా ఇష్టవా? ఎవడిష్టం? పదేళ్లు ఫీజులు కట్టించుకుని, పరీక్ష ముందర మా గుంటణ్ణి బయటకి తోసేస్తారా? అదీ నా సేత్తో ముద్ర ఏయించుకునా?"

ఒక్కసారిగా అందరూ లేచారు. టేబులు మీది కాగితాలు ఎవరివి వాళ్లు లాక్కున్నారు. ప్రేమ్‌కుమార్, కూర్చోండి కూర్చోండి అంటున్నాడు కానీ వినేవాళ్లు లేరు. అప్పుడు పెదబాబు కర్రతో నేల మీద కొట్టాడు.

"నేను పోస్టుమేన్‌గా చేసేను బాబూ," అన్నాడు. గొంతు పెంచలేదు. "సదువు రాకండా వచ్చినట్టు నటించి ఒక తల్లిని బతికున్న కొడుకు కోసం ఏడిపించేను. అది పాపవని తెలుసుకుని నేర్సుకున్నాను. మీరు? తండ్రి లేని పిల్ల సేత తండ్రికి నూటేభై ఉత్తరాలు రాయించేరు. ఎవరికి రాస్తందో దానికే తెలీనివ్వలేదు. మార్కులు పడితే సాలన్నారు. ఇదుగో ఈ బంగారం లాంటి కుర్రాడు, ఈడి బొమ్మ గేటుకి కట్టేరు. ఈడికీ ఏటీ నేర్పలేదు. ఎ బ్యాచ్‌కి ఆరు ఉత్తరాలు, సి బ్యాచ్‌కి ఒకటి, అంతే తేడా! ఎందుకు నేర్పలేదో ఇప్పుడు తెలిసింది. పిల్లలకి సదవడం వస్తే మీరు రాసిన కాగితాలు సదివేస్తారు."

ప్రేమ్‌కుమార్ ముఖం పక్కకి తిప్పుకున్నాడు. "రేపు వీళ్లు తప్పితే నన్నడక్కండి" అన్నాడు.

"తప్పనివ్వండి. తప్పితే మళ్లీ రాసుకుంటారు. రాదని ఒప్పుకున్నోడికి నేర్పొచ్చు. వచ్చినట్టు నటించడం నేర్పితే ఆడికింక జన్మలో రాదు."

తొమ్మిది మంది పేర్లూ స్కూలు తరఫునే వెళ్లాయి. వెళ్లకపోతే రాము తన ఊరి జనాన్ని ట్రాక్టరు నిండా తెచ్చి ఆ గేటు దగ్గర దింపేవాడు, ఆ సంగతి కరస్పాండెంటుకి బాగా తెలుసు. సోమవారం కీర్తి టీచరు సి బ్యాచ్‌కి వెళ్లి మెటీరియల్ మూసేయమని, "నేను మీకు చెప్పింది చదువు కాదు. మొదటి నుంచి మొదలుపెడదాం" అంది. ఉన్నది నాలుగు నెలలే. ఆ నాలుగు నెలలూ ఆమె పొద్దున్న ఒక గంట ముందొచ్చింది. మరుసటి జూన్‌లో ఆమెకి ఆ స్కూల్లో ఉద్యోగం లేదు. ఎందుకు లేదో నేను వేరే చెప్పక్కర్లేదు.

తొమ్మిది మందిలో ఏడుగురు పాసయ్యారు. ఇద్దరు తప్పి మళ్లీ కట్టారు. కొత్త ఫ్లెక్సీ వెలిసింది, దాని మీద ఈ ఏడుగురిలో ఒక్కరి ఫోటో కూడా లేదు.

ఫలితాలొచ్చిన నాలుగో రోజున, తన పల్లెకి తిరిగి వెళ్లిపోయిన పెదబాబుకి ఒక పోస్టుకార్డు వచ్చింది. తెచ్చిచ్చిన కొత్త పోస్టుమేన్ చదవమంటారా అని అడిగితే వద్దని, అద్దాలు తుడుచుకుని తనే చదువుకున్నాడు. ఇంగ్లీషులో ఆరు లైన్లు. తాతా, నాకు ఇంగ్లీషులో నలభై మూడు వచ్చాయి. అన్నీ నేను రాసినవే. పరీక్షలో నాన్నకి ఉత్తరం రాయమని అడగలేదు. అందుకని నిన్న ఇంట్లో కూచుని రాశాను. ఒక్కసారే రాశాను. అది ఎవరికీ చూపించను.

ముసలాయన ఆ కార్డుని కొడుకు ఫోటో వెనక పెట్టుకున్నాడు.

అమ్మలారా, అయ్యలారా! మీ ఇంటి అరుగు మీదా ఇలాగే ఒక పిల్ల గడగడా చదువుతూ ఉండవచ్చు. ఫీజు కట్టామని, ఫ్లెక్సీ చూశామని మురిసిపోకండి. దగ్గర కూర్చుని ఒక్కసారి ఆపి, ఉత్తరం ఎవరికమ్మా అని అడగండి. పది మార్కులకి అని జవాబొస్తే, మర్నాడు పొద్దున్నే ఆ స్కూలు గేటు దగ్గర నిలబడి, మా బిడ్డకు మీరు చదువు చెప్పారా, చదివినట్టు నటించడం నేర్పారా అని నిలదీయండి.